ఆ చెయ్యి ఎవరిది?

హనుమకొండ
జూన్ మొదటి వారం

చెల్లే సింధూ,

ఎట్లున్నావని అడిగితే "మంచిగున్ననక్కా" అంటావు. ఫోన్లోనూ అదే మాట. ఎందుకంటే ఫోన్ స్పీకర్లో ఉంటుంది, పక్కన మీ అత్తమ్మ కూర్చుని ఉంటుంది. పైగా మీ ఇంట్లో సిగ్నల్ ఎప్పుడో గానీ ఉండదు, విడిగా మాట్లాడాలంటే గుట్ట ఎక్కాలి. ఆరో నెల కడుపుతో నిన్ను గుట్ట ఎక్కమనే ధైర్యం నాకు లేదు. అందుకే ఉత్తరం రాస్తున్నాను, నవ్వకు. ఆశా కార్యకర్త సారలమ్మ ప్రతి వారం మా ఆఫీసుకు వస్తుంది కదా, ఆమె సంచిలోనే ఇది వస్తుంది, ఆమె సంచిలోనే నీ జవాబు పంపు. అంటించి పంపుతున్నాను, మధ్యలో ఎవరూ చదవరు.

సారలమ్మ ఇచ్చే డబ్బాలో బీపీ మిషన్ ఉంది. గర్భిణికి దవాఖానకు వచ్చిన రోజు ఒక్కటే బీపీ చూస్తే సరిపోతుందా, ఇంట్లో రోజూ పొద్దున, సాయంత్రం చూసుకుంటే ముప్పు ముందుగా దొరుకుతుందా అని మా డాక్టర్ నిర్మల మేడం పరిశోధన చేస్తోంది. నర్సుగా నా పని ఆ లెక్కలన్నీ చూడడం. నీ పేరు నేనే చేర్చాను. నువ్వు సంతకం పెట్టావు గానీ మనసు లేకుండా పెట్టావని నాకు తెలుసు.

వెనక్కి ఆనుకుని కాసేపు ఊరికే కూర్చో. మాట్లాడకు, నీకు అదే కష్టం. ఎడమ చేతికి పట్టా చుట్టి ఒకటో బటన్ నొక్కు. మీద రెండు అంకెలు బీపీ, అడుగున ఉన్నది నాడి. అన్నీ మిషనే గుర్తుపెట్టుకుంటుంది, సారలమ్మ వచ్చి రాసుకుంటుంది. పై అంకె నూట నలభై దాటితే మాత్రం ఎవరినీ అడగకుండా బయల్దేరి రా.

పోయినసారి సంగతి ఎత్తనని మాటిచ్చాను. ఎత్తను. కానీ ఒకసారి బీపీ వచ్చినవాళ్లకు మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ. అది రాయకపోతే నాకు నిద్రపట్టదు. బీపీ రాకుండా రాత్రిపూట వేసుకునే చిన్న మాత్ర మానకు.

మీ అక్క,
దీప


బూరుగుగూడెం
జూన్

అక్కా,

నీ ఉత్తరం చూసి మా ఇంట్లో పండగే అయింది. నాకు ఉత్తరం రావడం ఇదే మొదలు. మీ మరిది మొగిలి దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, "దీపక్కకు ఫోన్ల పైసలు అయిపోయినయా ఏంది?" అన్నాడు. ఆడవాళ్ల రోగాల సంగతులుంటాయి, చదువుతావా అన్నాను. అంతే, చేతిలో పెట్టేసి జీపు దగ్గరికి పరుగు తీశాడు.

మిషన్ పనిచేస్తోంది. మొదటిరోజు అది బుర్రుమని చేతిని పట్టుకోగానే మా అత్తమ్మ, "ఓయమ్మో, గట్ల పిసుకుతె లోపల పిల్లకు ఏమన్నయితదే!" అని పట్టా లాగేయబోయింది. ఆమెకు నచ్చజెప్పేసరికి నాకే బీపీ వచ్చేట్టయింది. మనిషి చెడ్డది కాదక్కా. పొద్దున లేస్తే నాకు ఏం వండాలా అనే రంది ఆమెకు. కానీ పట్టింపులు ఎక్కువ. ఎనిమిదో నెలలో గడప దాటొద్దట, వాగు అసలే దాటొద్దట. తొమ్మిది పడ్డాక రఘునాథపల్లికి, మా అమ్మ, అదే నీ చిన్నమ్మ దగ్గరికి పంపిస్తానంది. సరేనన్నాను. నాకూ ఎక్కడికీ కదలబుద్ధి కావడం లేదు.

ఒక్క మాట అడుగుతాను, ఉన్నదున్నట్టు చెప్పు. మిషన్‌లో అంకె ఎక్కువొస్తే అక్కడ మీరు ఏం చేస్తారు? వెంటనే కోస్తారా? ఎన్నో నెల అయినా సరే కోస్తారా?

ఊరికే అడుగుతున్నాను.

సింధు


హనుమకొండ
జులై

సింధూ,

సారలమ్మ తెచ్చిన లెక్కలు చూసి ప్రాణం లేచి వచ్చింది. నూట పది, డెబ్బై. నూట పన్నెండు, డెబ్బై రెండు. "మీ చెల్లె బీపీ పుస్తకంల రాసినట్టే ఉన్నది" అని నిర్మల మేడం కూడా నవ్వింది. మొన్నటిదాకా నీ పేరున్న కాగితాన్ని అన్నిటికంటే చివర తీసేదాన్ని.

నువ్వు అడిగినదానికి ఉన్నదున్నట్టే చెప్తాను. బీపీ పెరిగితే ముందు మాత్రలు ఇస్తారు, దవాఖానలో ఉంచుకుని రోజూ చూస్తారు. బిడ్డ ఊపిరితిత్తులు గట్టిపడటానికి తల్లికి ఇంజెక్షన్లు వేస్తారు. ఒక్కొక్క రోజూ బిడ్డకు కలిసొస్తుంది కాబట్టి ఆగగలిగినన్ని రోజులు ఆగుతారు. తల్లి ప్రాణం మీదికి వస్తేనే కాన్పు చేస్తారు. ఈ బీపీకి అసలు మందు కాన్పే. ఇంకా వేరే మందు ఎవరూ కనిపెట్టలేదు. కనిపెట్టి ఉంటే నేను నీకు మిషన్ ఎందుకు పంపుతాను?

మొన్న నర్సంపేట వైపు నుంచి ఒక అమ్మాయిని తెచ్చారు. నీ ఈడే. తల పగిలిపోతోందని రెండు రోజులు అమృతాంజన్ రాసుకుంటూ ఇంట్లోనే ఉందట. మంచం మీద పడుకోబెట్టామో లేదో కళ్లు పైకి పోయి ఒళ్లంతా కొట్టుకోవడం మొదలైంది. పెద్దవాళ్లు దాన్ని గుర్రపువాతం అనేవారు. ఇన్నేళ్ల సర్వీసులో ఎన్నోసార్లు చూశాను. ఐనా ప్రతిసారీ మొదటిసారి చూసినట్టే ఉంటుంది. ఆమె దక్కింది, బిడ్డ దక్కలేదు. నిన్ను భయపెట్టడానికి రాయడం లేదు. నేను భయపడ్డాను, ఎవరికో ఒకరికి చెప్పుకోవాలి కదా.

తలనొప్పి, కళ్ల ముందు చుక్కలు, డొక్కలో పైన నొప్పి - ఈ మూడింటిలో ఏది వచ్చినా దాచకు.

దీప


బూరుగుగూడెం
జులై చివర

అక్కా,

ఇక్కడ వానలు పడుతున్నాయి. మొగిలి జీపు రెండుసార్లు బురదలో దిగబడింది. కరెంటు సరిగ్గా ఉండటం లేదు.

నేను బాగానే ఉన్నాను. కాళ్లు కాస్త వాచాయి, మెట్టెలు తీసేశాను. కాళ్లకు నీరు దిగితే కాన్పు సులువైతదని అత్తమ్మ సంబరపడుతోంది. ముసురుకు తల బరువుగా ఉంటోంది, అది వానాకాలం ఎప్పుడూ ఉండేదే. నువ్వు రాసిన ఆ నర్సంపేట అమ్మాయి సంగతి ఇంకోసారి రాయకు, ఆ రోజు నాకు అన్నం పోలేదు.

అక్కా, ఏడు నిండి ఎనిమిది పడ్డాక తీస్తే బిడ్డ బతుకుతుందా? అద్దాల పెట్టెలో పెట్టినవాళ్లు ఎందరు బతుకుతారు? మీ పరిశోధనలో ఆ లెక్క కూడా ఉంటుంది కదా.

లెక్కలు సారలమ్మ తెస్తోంది, చూసుకో. అన్నీ మంచిగానే ఉన్నాయి.

సింధు


హనుమకొండ
ఆగస్టు

సింధూ,

లెక్కలు చూసుకున్నాను. ఒకసారి కాదు, పొద్దున్నుంచి చూస్తూనే ఉన్నాను.

బీపీ అంకెలు బాగున్నాయి. నేను బుద్ధిలేనిదాన్ని, ఇన్నాళ్లు వాటినే చూసి మురిసిపోయాను. ఇవాళ అడుగున ఉన్న అంకె చూశాను. జూన్ మొదట్లో నీ నాడి తొంభై దగ్గర ఉంది. ఉండాలి కూడా, కడుపుతో ఉన్న మనిషి గుండె ఎక్కువ కష్టపడుతుంది, నెలలు నిండేకొద్దీ నాడి పెరుగుతుంది. నీది జూన్ చివరికి అరవై రెండుకు పడిపోయింది. అప్పటినుంచి అక్కడే ఉంది. అది పొలం పని చేసి గట్టిపడిన మగవాడి నాడి. ఒక్క ఆదివారం సాయంత్రాలు మాత్రం కాస్త పెరుగుతోంది. ఆదివారం ఆదివారం నువ్వు కల్లు తాగుతున్నావా?

సింధూ, ఆ చెయ్యి ఎవరిది?

కోపంతో అడగడం లేదు. ఎదురుగా పెట్టిన చాయ్ అట్లాగే ఉంది. మొగిలికి ఫోన్ చేస్తుంటే కలవడం లేదు. తల బరువుగా ఉందన్నావు, కాళ్లు వాచాయన్నావు, పెట్టెలో బిడ్డలు బతుకుతారా అని అడిగావు. అన్నీ చెప్పి అసలుది దాచావు. సారలమ్మను ఇవాళే వెనక్కి పంపుతున్నాను. ఆమె నీ దగ్గర కూర్చుని ఉండగానే జవాబు రాసి ఇవ్వు.

దీప


బూరుగుగూడెం
ఆగస్టు

అక్కా,

మొగిలిదే. ఇంటాయన బీపీ కూడా కావాలన్నారని ఆయనకు అబద్ధం చెప్పాను. పాపం, రోజూ రెండుపూటలా బుద్ధిగా చెయ్యి చాపుతాడు. "నా బీపీ సూసి దీపక్క ఏమన్నది? మంచిగున్నదన్నదా?" అని అడుగుతాడు కూడా. ఆయన్ను ఏమీ అనకు.

మిషన్ మీద రెండో మనిషికని ఇంకో బటన్ ఉంది. సారలమ్మ ఒకటోది మాత్రమే చూస్తుంది. రెండోదాంట్లో నావి ఉన్నాయి. తలుపు దగ్గరికి వేసుకుని చూసుకుంటాను. జూన్ చివర్లో మొదటిసారి నూట నలభై నాలుగు వచ్చింది. మిషన్ తప్పేమోనని అప్పుడు మొగిలి చేతికి కట్టాను, ఆయనకు నూట పది వచ్చింది. ఆ అంకె చూడగానే, ఇదే నాదైతే ఎంత బాగుండు అనిపించింది. అక్కడ మొదలైంది. తర్వాత నాది నూట యాభై అయింది. నిన్న నూట యాభై ఎనిమిది. పట్టా చుట్టుకునే ముందు దేవుడికి దండం పెట్టుకుంటాను, అంకె వచ్చేదాకా కళ్లు మూసుకుంటాను. నువ్వు ఒక్కరోజు భయపడ్డావు, నేను నెలన్నరగా భయపడుతున్నానక్కా.

మరి ఎందుకు రాలేదంటావు. వస్తే కోస్తారు కాబట్టి రాలేదు. పోయినసారి నాకు ఏమైంది? కాస్త తలనొప్పి అంతే. అమ్మ ఇంట్లో పడుకున్నాను, లేచేసరికి దవాఖానలో ఉన్నాను, కడుపు కోసి ఉంది. బీపీ ఎక్కువుందని కోసిన్రు అని చెప్పింది అమ్మ. ఒక అంకె ఎక్కువైనందుకు నా బిడ్డను ఏడో నెలలో బయటికి లాగారు. పెట్టె అద్దం మీద చెయ్యి పెట్టి నిలబడ్డాను, అంతకుమించి ఏం చేయనిచ్చారు నన్ను? ఒక్కసారి కూడా ఒళ్లో పెట్టలేదు. ఒళ్లో పెట్టిన రోజు అది చల్లగా ఉంది.

ఈసారి నా కడుపులో ఇది ఇంకా తంతోంది. ఈ ఒక్క నెల గడిస్తే తొమ్మిది పడుతుంది. అప్పుడు నేనే వస్తాను, నీ మీద ఒట్టు. ఎనిమిదో నెలలో కదలొద్దని అత్తమ్మ అన్నప్పుడు నాకు ఎంత ధైర్యమొచ్చిందో. ఎవరైనా రమ్మంటే ఆమె పేరు చెప్పొచ్చు కదా.

నాకేమైనా పరవాలేదు. నిర్మల మేడంకు చెప్పకు. నీ కాళ్లు మొక్కుతా.

రాస్తుంటే అక్షరాల మీద మెరుపులు పడుతున్నట్టున్నాయి. వాన వెలుతురేమో.

సింధు


రఘునాథపల్లి
ఆగస్టు

సింధూ,

నిర్మల మేడంకు చెప్పేశాను. నీ ఉత్తరం చదివిన క్షణమే చెప్పాను. తిట్టుకుంటే తిట్టుకో. ఆమె మొత్తం చదివి, "అక్షరాల మీద మెరుపులు వాన వెలుతురు కాదు దీపా" అంది. మీ వాగు పొంగింది, కల్వర్టు మీదినుంచి నీళ్లు పోతున్నాయి. బండి పంపినా ఇవతలి ఒడ్డునే ఆగిపోతుంది. అంబులెన్స్‌ను ములుగులో సిద్ధంగా ఉంచుతున్నారు. నిన్ను తీసుకురావడానికి చిన్నమ్మను వెంటపెట్టుకుని వద్దామని పొద్దున బస్సెక్కి మీ అమ్మ దగ్గరికి వచ్చాను. నీ మొండితనం సంగతి చెప్పాను. సింధుకు గంత భయమెందుకు చిన్నమ్మా, పోయినసారి అసలు ఏమైంది అని అడిగాను.

చిన్నమ్మ చేటలో బియ్యం పక్కన పెట్టి ఏడవడం మొదలుపెట్టింది. అప్పుడు నేను ఖమ్మంలో ఉద్యోగంలో ఉన్నాను, కాన్పయిన తర్వాతే వచ్చాను. నాకూ ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు చెప్పింది. నీకు చెప్పొద్దని నా చేతులు పట్టుకుని బతిమాలింది కూడా. నేను చెప్తున్నాను.

పోయినసారి నీకు తలనొప్పి ఒక్కటే కాదు. ఈ ఇంట్లోనే, ఇప్పుడు నేను కూర్చున్న ఈ అర్రలోనే నీకు ఫిట్స్ వచ్చాయి. వరంగల్ దాకా ఆటోలో మళ్లీ మళ్లీ వచ్చాయి. దవాఖానకు చేరేసరికి నీకు తెలివి లేదు. నాలుక తెగి నాలుగు రోజులు గంజి తప్ప ఏమీ మింగలేకపోయావు, జ్ఞాపకం ఉందా? జరమొచ్చి కొరుక్కున్నవని చెప్పారు నీకు. అంకె చూసి కోయలేదు సింధూ. నువ్వు చచ్చిపోతున్నావని కోశారు. నీ ఒంట్లో ఆ కొట్టుకోవడం వల్ల బిడ్డకు గాలి అందలేదు, లోపలే సగం ప్రాణం పోయింది. నీ బిడ్డను తీసుకుపోయింది ఆ బీపీ. దవాఖాన కాదు.

ఎందుకు దాచావు చిన్నమ్మా అంటే ఏమందో తెలుసా? "మూర్ఛ అంటె అత్తగారోళ్లు ఏలుకుంటరా బిడ్డా? రోగం పిల్లను అంటగట్టిన్రని ఇడిసిపెట్టరా? ఫిట్స్ వచ్చినయని సింధుకు చెప్తె అది మొగనికి చెప్పకుంట ఉంటదా?" ఫిట్స్ వచ్చాయా అన్న ప్రశ్న మా పరిశోధనలో ఉంది. రాలేదని నువ్వే చెప్పావు. నీకు తెలిస్తే కదా! ఇది మూర్ఛరోగం కాదని, కాన్పుతో పోయే బీపీ రోగమని ఎవరైనా ఒక్కరు చిన్నమ్మకు చెప్పి ఉంటే బాగుండేది.

నాకు భయంగా ఉంది. రాయడానికి ఇంకో మాట దొరకడం లేదు. నూట యాభై ఎనిమిది, మెరుపులు, తలనొప్పి. ఈసారి నిన్ను ఎత్తుకుని పరుగెత్తడానికి అక్కడ రోడ్డు కూడా లేదు. నాకేమైనా పరవాలేదు అని రాశావు. నీకు ఏమైనా అయితే లోపల దానికి ఏమీ కాకుండా ఉంటుందా? ఇద్దరూ కలిసే పోతారు.

మీ అత్తమ్మ ఒప్పుకోదని నాకు చెప్పొద్దు. ఆ ముసలామె పట్టింపులకు నిన్ను బలి ఇవ్వను. ఆమెకు కోపమొస్తే వచ్చి నన్ను కొట్టమను. నా వెంట వచ్చిన సారలమ్మ ఎట్లాగైనా వాగు దాటి ఈ కాగితం నీ చేతిలో పెడతానంది, నేను హనుమకొండ దవాఖానలో నీ కోసం సిద్ధంగా ఉంటాను. చదివి లే. బట్టలు కూడా సర్దుకోకు.

దీప


ములుగు దవాఖాన
ఆగస్టు

అక్కా,

ములుగుకు చేరాను. ఇక్కడ ఏదో ఇంజెక్షన్ వేశారు, ఒళ్లంతా మంట పుట్టింది. హనుమకొండ తీసుకుపోయే అంబులెన్స్‌లోకి ఎక్కించేలోపు రాస్తున్నాను. వద్దు పడుకో అంటున్నారు. రాయకపోతే నాకు ఇంకా భయమేస్తోందన్నాను, సిస్టర్ పెన్ను ఇచ్చింది. అక్షరాలు ఎటు పోతున్నాయో నాకు కనబడటం లేదు, నువ్వే కూడగట్టుకుని చదువుకో.

నీ ఉత్తరం నేను మధ్యలో ఆపి మళ్లీ మొదటినుంచి చదవడం అత్తమ్మ చూసింది. "ఏం రాసిందే, సదువు" అంది. ఏం లేదత్తమ్మా అన్నాను. "సదువుమంటాన" అని ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. ఆమెకు అక్షరం రాదు, కానీ నేను ఎక్కడ మింగేస్తున్నానో నా మొహం చూసి కనిపెట్టేస్తుంది. మొత్తం చదివించింది. ఫిట్స్ సంగతీ, అమ్మ దాచిన సంగతీ, ఆ ముసలామె పట్టింపులు అన్న మాటతో సహా. నేను తల ఎత్తలేదు. ఇక నన్ను పుట్టింటికి పంపించేస్తుంది, అయిపోయింది నా కాపురం అనుకున్నాను.

అత్తమ్మ నా కాళ్ల వాపు మీద వేలితో నొక్కి చూసింది. తర్వాత, "గుర్రపువాతం" అంది. "మా చెల్లె లచ్చక్క గట్లనే పోయింది. ఎనిమిదో నెల. కాళ్లు గిట్లనే వాచినయి, తలకాయ పగులుతాందని గోడకేసి కొట్టుకున్నది. బండి మీద ఏస్కపోతాంటె తొవ్వలనే పోయింది. గందుకే కదిలియ్యొద్దన్నరు అందరు." నా కాళ్లు ఒళ్లోకి లాక్కుంది. "కదిలిచ్చినందుకు పోయిందనుకున్నం. కదిలియ్యకుంటె గూడ పోతుండెనని మాకెవలు చెప్పిన్రే?"

అక్కా, ఆ నియమం ఎవరు పెట్టారో గానీ, వాళ్లు కూడా మనలాగే భయపడి పెట్టారు.

తర్వాత ఆమె లేచిన తీరు చూడాల్సింది. "నడువు" అంది. మొగిలి వచ్చి వాగు మీద నీళ్లు తగ్గలేదన్నాడు. "జీపు పోకుంటె ట్రాక్టర్ తే. యాదగిరి ట్రాక్టర్ ఉన్నది గద, పటేలు లెక్క నిలవడ్డవేంది!" అని కసిరింది. నన్ను ట్రాలీలో గడ్డి మీద పడుకోబెట్టారు. సారలమ్మ తల పట్టుకుంది, అత్తమ్మ నా కాళ్ల మీద పడినట్టు కూర్చుని కదలకుండా పట్టుకుంది. కల్వర్టు మీద నీళ్లు చక్రాలకు కొట్టుకుంటుంటే ఆమె కళ్లు మూసుకుని ఎవరెవరినో పిలిచింది, అమ్మవార్లందరినీ, చివరికి వాళ్ల చెల్లెను కూడా. మొగిలికి నేను చెప్పిన అబద్ధం తెలిసిపోయింది. నా చెయ్యి పట్టుకుని, "నాకు మంచిగుండి ఏం లాభమే?" అన్నాడు. అంతకంటే కొట్టినా బాగుండేది.

ఇక్కడ చూస్తే నూట డెబ్బై దాటింది.

ఒక్కటే అడుగుతాను. పోయినసారి లేచేసరికి అందరూ నాకు అబద్ధం చెప్పారు. నా మంచికే అయి ఉండొచ్చు. కానీ ఆ అబద్ధం నమ్మే నేను ఇన్నాళ్లు దాక్కున్నాను. ఈసారి నాకు ఏమైంది, బిడ్డకు ఏమైంది, ఉన్నదున్నట్టు నువ్వే చెప్పు. అమ్మను చెప్పనియ్యకు, మొగిలిని చెప్పనియ్యకు. బిడ్డ లేకపోతే లేదని చెప్పు.

భయమైతాంది అక్కా. చచ్చిపోవాలని లేదు నాకు.

సిం


హనుమకొండ, దవాఖాన
ఆగస్టు

సింధూ,

నువ్వు మత్తులో ఉన్నావు. నేను పైన నీ దగ్గరికీ కింద బిడ్డ దగ్గరికీ తిరుగుతున్నాను, నువ్వు లేచేసరికి ఏ అంతస్తులో ఉంటానో తెలియదు. అందుకే ఇది రాసి నీ దిండు కింద పెడుతున్నాను. నీ చూపు కొన్నాళ్లు మసకగా ఉండొచ్చు, అందుకని పెద్ద అక్షరాలతో రాస్తున్నాను. అడిగావు కాబట్టి ఒక్కటీ దాచను.

నీకు ఫిట్స్ వచ్చాయి. ములుగు దాటాక అంబులెన్స్‌లో ఒకసారి, ఇక్కడ మంచం మీద నా చేతుల్లో ఒకసారి. నర్సింగ్‌లో నేర్చుకున్నదంతా ఆ క్షణంలో మర్చిపోయాను, సింధూ సింధూ అని అరవడం ఒక్కటే వచ్చింది. మేడం నన్ను పక్కకు నెట్టి నీ పని చూసింది. ములుగులో వేసిన ఇంజెక్షన్ మీద ఇంకా ఇచ్చారు, ఆగాయి. ఆ ఇంజెక్షన్ లేకపోతే దారిలోనే పోయేదానివని మేడం అంది.

నీకు ఆపరేషన్ అయింది. రక్తం ఎక్కించారు. నీ మూత్రపిండాలు సరిగా పని చేయడం లేదు, రెండు రోజులు చూడాలన్నారు. నీ ముప్పు ఇంకా పూర్తిగా దాటలేదు. కాన్పు తర్వాత కూడా ఫిట్స్ రావొచ్చు.

ఆడపిల్ల. బతికి ఉంది. కిలోన్నర కూడా లేదు. పుట్టగానే ఏడవలేదు, తర్వాత ఏడ్చింది. ఊపిరికి మిషన్ పెట్టారు. పెట్టెలో ఉంది. నీకు ఆ మాట ఎంత కష్టమో తెలిసి కూడా రాస్తున్నాను, పెట్టెలోనే ఉంది. బతుకుతుందా అని మేడంను అడిగాను. "ఇయ్యాల నేను చెప్పలేను దీపా" అంది. నేను కూడా చెప్పలేను. నువ్వు నెల ముందు వచ్చి ఉంటే ఏమయ్యేదో అదీ చెప్పలేను, దాని గురించి మనం ఎప్పుడైనా పోట్లాడుకుందాం.

చిన్నమ్మ వచ్చింది. మీ అత్తమ్మకు ముఖం చూపించలేక మెట్ల కింద కూర్చుంది. అత్తమ్మే వెతుక్కుంటూ పోయి పక్కన కూర్చుని, "నాకు చెప్తె నేను తింటుంటినా నీ బిడ్డను?" అంది. ఇద్దరూ ఏడ్చారు. ఇప్పుడు అత్తమ్మ కారిడార్‌లో కనిపించిన ప్రతి కడుపుతో ఉన్న మనిషినీ ఆపి కాళ్లు చూస్తోంది. "మా కోడలికి గుర్రపువాతం అచ్చింది. మూర్ఛ గాదు, బీపీ. నీ చేతికి పట్టా కట్టిచ్చుకున్నవా?" అని అందరికీ వినబడేట్టు అడుగుతోంది. సిస్టర్లు ఆపమన్నారు, ఆమె ఆపడం లేదు. మొగిలి పెట్టె దగ్గరి తలుపు వదలడం లేదు.

నాకు భయంగా ఉంది. కాగితం నిండా అదే ఉంటుందని తెలుసు, ఐనా రాస్తున్నాను. నువ్వు లేచేలోపు బిడ్డకు ఏమైనా అయితే ఈ కాగితం చింపేసి ఇంకోటి రాస్తాను. అందులోనూ నిజమే రాస్తాను.

దీప

మధ్యాహ్నం. చింపలేదు.

సాయంత్రం. ఒకసారి ఊపిరి ఆగింది. సిస్టర్ పాదం మీద తట్టితే మళ్లీ తీసుకుంది. చింపలేదు.

తెల్లారింది. చింపలేదు. నీ మూత్రం కొంచెం పెరిగింది, బీపీ కొంచెం దిగింది. కిందినుంచి ఇప్పుడే కబురొచ్చింది, తల్లి లేచిందా, బిడ్డకు రెండు చుక్కలైనా పాలు కావాలని అడుగుతున్నారు.

లే, సింధూ.